అయిదో గడి

పాల ట్యాంకు చల్లదనం రాసుకునే చీటీ వెనక
నాలుగు పేర్లు రాశాను.
ఫీజు మాఫీ నాలుగింటికేనట.
అయిదోది కావాలంటే ఎనభై డాలర్లు,
అంటే తెల్లవారుజామున మూడింటికి లేచి
పొదుగులు తుడిచి, మిషన్లు తగిలించే
ఒక పూట కూలి, పన్ను పోగా.

టర్లాక్‌లో నవంబరు.
బాదం తోటల మీద మంచు
పిండని తడిబట్టలా వేలాడుతోంది.
షెడ్డులో రెండువందల ఆవులు నెమరేస్తున్నాయి.
నేనూ అంతే.

ఒకటి గంట దూరం. రాత్రికి ఇల్లు చేరొచ్చు.
ఒకటి కొండ అవతల,
నా కారు ఆ కనుమ ఎక్కదు, ఎక్కినా దిగదు.
ఒకదాని పేరు చెబితే చాలు
మా అడెలీనో మామయ్య టోపీ తీస్తాడు.
ఒకటి ఇక్కడే, ఫీడ్ స్టోర్ పక్క వీధిలో.
దాన్ని చివర రాశాను,
చివర రాసినందుకు సిగ్గుపడి
చెరిపి రెండోది చేశాను.

కౌన్సెలర్ షియాంగ్ గారు పెన్సిల్‌తో బల్ల మీద కొడుతూ
"ఒకటి అందనిది పెట్టుకో దియోలిండా,
రెండు అందేవి,
ఒకటి కాళ్ళ కింద ఉన్నది" అన్నారు.
మూడేళ్ళ రాత్రుల్లో కూడబెట్టిన అరవై యూనిట్లు
ఒకచోట యాభై ఆరు చెల్లుతాయి,
ఒకచోట నలభై తొమ్మిది.
కుండలు చేసిన క్లాసు ఎక్కడా చెల్లదు.
ఆ క్లాసులో చేసిన వంకర గిన్నెలోనే
మా పిల్లి రోజూ పాలు తాగుతోంది.
దానికి చెల్లింది.

మట్టి గురించి చదవాలని నాకు.
"రోజూ తొక్కుతూనే ఉన్నావుగా" అంటాడు మామయ్య,
టెర్సీరా దీవి నుంచి వచ్చినవాడు,
మట్టి అంటే అప్పు అని తెలిసినవాడు.
అని ఊరుకోడు. మళ్ళీ తనే
"ఏ గడ్డి పడుతుందో ఆవుకి తెలుసు,
నువ్వేమిటి, వారం నుంచి మీనమేషాలు?"

మీనమేషాలు కాదు మామయ్యా.
దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది.
ఇంతకుముందు చేరిన కాలేజీలన్నీ రాయండి.
"అన్నీ" కింద గీత.

పదకొండేళ్ళ కింద,
ఉత్తరాన, సముద్రం పక్కన, ఎర్రచెట్ల నీడలో
ఏడు వారాలు.
అక్కడ ఎవరూ మూడింటికి లేవరు.
నేనొక్కదాన్నే లేచి, చేతులకి పని లేక
చీకట్లో వేళ్ళు మడిచి విప్పుతూ కూర్చునేదాన్ని.
ఎనిమిదో సోమవారం
ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.
నాలుగు క్లాసులు, నాలుగు ఎఫ్‌లు,
పొదుగుకి చన్నుల్లా సరిగ్గా నాలుగు.
ఇంట్లో మాత్రం సీటే రాలేదని చెప్పాను.

షియాంగ్ గారి పెన్సిల్ ఆగింది.
"దాస్తే ఎప్పుడో పట్టుకుంటారు.
చెబితే కనీసం ఒక పేజీ రాసుకోవచ్చు."

ఇంటికొచ్చి చీటీ ముందు పెట్టుకున్నాను.
ఒక్కొక్క పేరునీ పైకి చదివి
దాని మొహం మీద ఆ మాట అని చూశాను.
గంట దూరంది దగ్గింది.
కొండ అవతలిది కిటికీలోంచి చూసింది.
టోపీ తీయించేదాని దగ్గర
గొంతే రాలేదు.

అప్పుడు తట్టింది.
ఒక్కచోట ఏమీ చెప్పక్కర్లేదు.
వాళ్ళకి ముందే తెలుసు.

అయిదో పేరు రాశాను.
తడి చేత్తో రాశానేమో సిరా పాకి
పేరు చుట్టూ నీలంగా చిన్న చెరువయింది.
అక్కడ మట్టికి ఒక శాఖ ఉంది,
ఆ ఏడు వారాల్లో ఆ భవనం పక్కనుంచే
రోజూ భోజనానికి నడిచాను.

ఎనభై డాలర్లు కట్టాను.
రెండువందల పన్నెండో నంబరు ఆవు తన్నిన మోచెయ్యి
ఇంకా సలుపుతోంది.
రెండూ ఒకే రోజున. సంబంధం లేదు.

రాత్రి రెండూ యాభై.
బూట్లు వేసుకుంటూ ఫోనులో ఆఖరి పేజీ.
మునుపు మా దగ్గర చదివారా?
అవును, కాదు.
గడి చిన్నది. నా వేలు లావు.
మొదటిసారి "కాదు" మీద పడింది.
ఎప్పటిలాగే.
జీన్స్‌కి వేలు తుడుచుకుని
మళ్ళీ నొక్కాను.
షెడ్డులో ఎవరో అప్పుడే లైటు వేశారు.