మంగళవారం, నాలుగూ పన్నెండు

చలానా ముందు ఆయన ఫోన్‌కే వచ్చింది.
నడిపేది నేనైనా
బండి ఆయన పేరు మీదుంది.

ఫొటోలో నేను వెనకనుంచి.
ముడి ఊడి జుట్టంతా గాలిలో.
కింద బండి నంబరు, మంగళవారం తేదీ,
నాలుగూ పన్నెండు,
ట్యాంక్‌బండ్ అని చోటు పేరు.
హెల్మెట్ లేదని ఒక ముక్క.

జరిమానా గురించి ఆయన ఏమీ అనలేదు.
"ట్యాంక్‌బండ్ మీద నీకేం పని?" అన్నాడు.

పనేం లేదు.
అది చెప్పడమే కష్టం.
జాకెట్లకి లైనింగు గుడ్డ తెస్తానని
మౌలాలి నుంచి జనరల్ బజారుకి బయల్దేరాను.
గుడ్డ కొన్నాను, బిల్లు కూడా ఉంది.
తిరిగి రావాల్సిన చోట బండి తిరగలేదు.

పద్దెనిమిదేళ్లు వెనక సీటు మీద
ఒక పక్కకి కూర్చున్నాను.
ఆయన వీపే నాకు ఊరు.
నలభై మూడో ఏట బ్రేకేదో తెలిసింది.
ఆ రోజు రాణిగంజ్ దాటాక ఆగి
హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించాను.
సాగర్ నీళ్ల వాసన ఎలా ఉంటుందో మీకూ తెలుసు.
అయినా ఆ గాలి పాపిట్లో నడిచింది.
మొక్కజొన్న కంకి ఒక్కదాన్నే తిన్నాను.
నిమ్మకాయ ఎక్కువ రుద్దమన్నాను.

అంతకుముందోసారి మెట్టుగూడలో
హోంగార్డు బాలనర్సుతో కొట్లాడాను.
నెత్తి నాది, పగిలితే నాకే పగులుద్ది,
మధ్యలో నీకేంది? అని.
అతను కర్చీఫ్‌తో మెడ తుడుచుకుని
"నెత్తి నీదే బిడ్డా.
పగిలినంక ఇసుక పోసి ఊడ్చేది నేను" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు.
ఇప్పటికీ నచ్చలేదు.
ఆ తర్వాత నెల అదే చౌరస్తాలో
నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది, జనం మూగి ఉన్నారు.
డ్రైవర్ డివైడర్ మీద కూర్చుని
ఎవరిదో ఒక చెప్పు ఒళ్లో పెట్టుకుని
"హారన్ కొట్టిన, హారన్ కొట్టిన" అంటున్నాడు,
అడగనివాళ్లకి కూడా.
ట్యాంకర్ నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.
ఆ పిల్లాడి తల పిల్లాడిదే, సరే.
ఇక ఆ డ్రైవర్‌కి పట్టని నిద్ర ఎవరిది?
అతని చెయ్యి ఇప్పుడు గేరు మీద వణుకుతుందా?
నన్ను నేను పగలగొట్టుకునే హక్కులో
అతని చెయ్యి కూడా ఉందని
అప్పటిదాకా లెక్కేసుకోలేదు.

అందుకే ఇప్పుడు పెట్టుకుంటున్నాను.
క్లిప్పు టక్కుమనేదాకా నొక్కుతున్నాను.
కానీ బాలనర్సూ, నీ కెమెరా సంగతేంటి?
నా పుర్రె కాపాడతానని వచ్చి
నా మంగళవారాన్ని తీసుకెళ్లి
ఆయన చేతిలో పెట్టింది కదా.
దానికి ఏ సెక్షను రాస్తావు?

చలానా నేనే కట్టాను,
మూడు జాకెట్ల కుట్టుకూలి.
తిరుమలగిరి ఆర్టీవో ఆఫీసు నుంచి
పేరు మార్పు ఫారాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.
"ఇప్పుడెందుకిది?" అన్నాడు.
తప్పు నాదైనప్పుడు
చలానా నాకే రావాలి కదా, అన్నాను.

ఇంకా సంతకం పెట్టలేదు.
ఫారాలు ఎగిరిపోకుండా మీద కత్తెర పెట్టాను.

ఆ ఫొటో మాత్రం దాచుకున్నాను.
నేను నవ్వుతున్న ఫొటో నా దగ్గర అదొక్కటే.
వెనకనుంచి తీశారు కాబట్టి
ఆయనకి తెలీదు.