బుధవారం, పాలు లేని టీ

జనవరి చివర విన్నిపెగ్‌లో మంచు
కాళ్ళ కింద రాళ్ళుప్పులా కరకరలాడుతుంది.
హాస్పిటల్ లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
రెండు బస్సులు మారి వచ్చాను.
చేతులకింకా బ్లీచ్ వాసన.

మొదట వెళ్ళినచోట గంటకి నూట అరవై డాలర్లు.
నా ఏడుపు అంత ఖరీదని అప్పటిదాకా తెలీదు.
పోయిన తమ్ముడితో రోజూ ప్రార్థనలో మాట్లాడతానంటే
ఆ డాక్టరు కనుబొమ్మ ఎత్తి
ఏదో రాసుకున్నాడు.
మా చర్చి అయ్యగారేమో "ఉపవాసం ఉండు తల్లీ" అన్నారు.
ఉంటూనే ఉన్నాను.
నిద్రే, రాదు.

ఇక్కడ, బూట్లు కుట్టే షాపు మీద రెండో అంతస్తులో,
ఫారం మీద ఒక ప్రశ్న: ఎంత ఇచ్చుకోగలరు?
పది అని రాసి, కొట్టేసి, పన్నెండు వేశాను.
అస్మరా సంతలో ఎవరితోనైనా బేరమాడేదాన్ని,
నాతో నేనే ఆడటం ఇదే మొదలు.
కింద ఇంకొకటి: మీ విశ్వాసం గురించి మాకేం తెలియాలి?
ఏం రాయను? బుధ, శుక్రవారాలు పాలు ముట్టనని రాశాను.

మార్లిస్ అట ఆమె పేరు. మా మతం కాదు.
ఏ మతమో నేనడగలేదు.
కెటిల్ ఎత్తి,
"ఇవాళ బుధవారం కదా, పాలు పొయ్యను" అంది.

అంతే.
తెల్ల శాలువా అంచు నోట్లో కుక్కుకున్నాను.

పడవ సంగతి, సముద్రం సంగతి
ఈ వారం చెప్పనేలేదు.
టీ చల్లారిపోయింది.
వెళ్ళేముందు పన్నెండు డాలర్లకి రసీదు రాస్తూ
ఒక్కో అక్షరం అడిగి మరీ
లెతెబ్రహాన్ అని
తప్పుల్లేకుండా రాసింది.