ఎర్తు గుంటకు రెండు బిందెలు

దేవరకొండ, ఆడపిల్లల హాస్టలు, రెండో అంతస్తు.
గోడల రంగు ఇంకా చేతికి అంటుతున్నది.
పద్నాలుగో గదిల
ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ వెలిగిన నా టెస్టు బల్బు
ఫేజుకూ ఎర్తుకూ నడుమ వెలగలేదు.

"జాంగీరూ" అన్న.
నిచ్చెన మీదున్నోడు దిగలేదు.
స్క్రూడ్రైవరు తిప్పుడు మాత్రం ఆపిండు.

బోర్డు ఊడదీసి చూస్తే
జానెడు పచ్చ వైరు ముక్క.
మా అవ్వకు పచ్చ అంటే పసుపు,
నా పుస్తకంల పచ్చ అంటే ఆకుపచ్చ,
ఆ వైరు మీద రెండు రంగులూ ఉంటయి గనుక
మాకు పేచీ లేదు.
ఒక కొస సాకెట్టు పిన్నుకు బిగించి ఉన్నది,
ఇంకో కొస పైపు నోట్లె, చీకటికి.
చూసెటోళ్లకు ఉన్నట్టే ఉంటది.
చూసెటోళ్ల కోసమే పెట్టిండు.

పనిల వంక పెట్టలేనోడు జాంగీరు.
కింద మెయిన్ బోర్డుల వైర్లన్నీ
జడ అల్లినట్టు కూర్చి,
ఒక్కోదానికి నంబరు తొడుగు తొడిగినోడు.
అదే నా కోపం.

"ఆ దినం కాయిలు అయిపోయింది సార్.
స్లాబుల పైపు నలిగింది, స్ప్రింగు పోలే.
ఒక్క గదే గదా."

కాంట్రాక్టరు ఫోనుల అదే మాట ఇంకో తీరుగ:
"ఎల్లుండి రిబ్బను. బల్బు వెలుగుతున్నదా లేదా?"
వెలుగుతున్నది.
కరెంటుకు మర్యాద ఎక్కువ.
తప్పుడు దారిల గూడ చెప్పిన పని చేస్తది,
ఎవరన్న తడి చేత్తోని ముట్టుకునేదాక.

చలికాలం, తెల్లారగట్ల నాలుగున్నరకు,
పరీక్ష దినం తలకు పోసుకోవాలనుకున్న పిల్లొకతె
బకెట్ల హీటరు కడ్డీ ఏస్తది.
వద్దని గోడ మీద రాసినా ఏస్తది.
ఆమె పేరు నాకు తెల్వదు.
ఇప్పుడు ఏ తండాలనో ఐదో తరగతి చదువుతున్నది.

"గోడ కొయ్యి" అన్న.

కట్టర్ మిషను అరిసింది.
తెల్ల గోడ ఎర్ర దుమ్ము కక్కింది.
పెయింటరు ఇమామొద్దీన్ వచ్చి, చూసి,
ఏమనకుండ బయటికి పోయి బీడీ ముట్టిచ్చుకున్నడు.
తిట్టినా బాగుండు.

జాంగీరును నేను తిట్టలే.
ఇరవై ఏండ్ల కింద, భీవండిల,
మగ్గాల షెడ్డు, మూడో వరుస,
అసొంటి ముక్కనే నేనూ పెట్టిన.
అప్పుడు మా మేస్త్రీకి లైటు వెలిగితే చాలు,
నాకు శనివారం కూలి చేతిల పడితే చాలు.
ఆ షెడ్డు ఉన్నదో, కూల్చిన్రో.
పొద్దుగాల పేపరుల
భీవండి అని కనబడితే
చదవను, పేజీ తిప్పుత.

కింద, వంటశాల ఎన్క, ఎర్తు గుంట.
ఈడ నేల అంటే రాయే.
కంప్రెసరు పెట్టి రెండు దినాలు కొడితే
నిలువు లోతు దిగినం.
ఉప్పు, బొగ్గు, ఉప్పు, బొగ్గు, నడుమ పైపు.
మీటరు పెడితే పదకొండు ఓములు.
ఐదు దాటితే నేను సంతకం పెట్టను.
రోజుకు రెండు బిందెలు పోయమన్న,
పాత బోరు నీళ్లు.

వాచ్‌మన్ పెండ్లాం మణెమ్మ నవ్వింది:
"మా మోకాళ్లను తిన్న నీళ్లు సారూ,
దానికి పడతయా?"
"దానికి అసొంటియే కావాలమ్మా."
అన్న గానీ,
ఆమె గోడ పట్టుకొని మెట్లు దిగుతుంటే
ఆ మాట వాపసు తీసుకోబుద్ధయింది.
పన్నెండో దినం సూది
నాలుగున్నర మీద నిలిచింది.

రాత్రి పదకొండింటికి పద్నాలుగో గదిల
సాకెట్టు నుంచి గుంట దాక
యాడా తెగకుండ పచ్చ వైరు.
టెస్టు బల్బు వెలిగింది.
రిజిస్టరుల రాసిన: గది పద్నాలుగు, సరే.

జాంగీరు సామాను సంచిల సదురుకుంటున్నడు.
జిప్పు సగం దాక గుంజి ఆగిండు.
"సార్,
తొమ్మిదో గది గూడ."

కట్టర్ ప్లగ్గు మళ్ల పెట్టిన.