గట్టు ఎత్తు

పదకొండు రోజులైతాంది
మా వంటింట్ల వంట లేక.
సిమెంటు బస్తాలు, మొగిలి మేస్త్రి గమేలా,
గోడకు ఆనిచ్చిన టైల్స్ అట్టపెట్టెలు
అవే కాపురముంటున్నయి ఆడ.

కరెంటు పొయ్యి కుట్టుమిషన్ మీదికెక్కింది.
ముందటర్రల కుక్కర్ పెడితే
విజిల్ ఏదో, కాజీపేటల గూడ్సు కూత ఏదో తెలవక
రెండుసార్లు అన్నం గంజయింది.
ఫ్రిజ్ మా మంచం కాళ్లకాడ నిలబడి
రాత్రంత గురక పెడుతది.
మా ఆయన దానికి జవాబు చెప్తడు.

కారం చెప్పుల స్టాండు మీద దొరికింది,
పసుపు బీరువాల, పట్టుచీరెల నడుమ.
ఉప్పు డబ్బా మాత్రం మొదటినాడే మాయం.
రోజూ ఎదురింటి రాజేశ్వరక్క దగ్గర పిడికెడు.
ఉప్పు చేతికియ్యద్దని
గిన్నె గడప కాడ పెట్టి ఎనకకు జరుగుతదామె.
నేను వంగి తీసుకుంట.

ఫాతిమానగర్ బ్రిడ్జి కాడి కర్రీ పాయింట్
రెండు రోజులు నడిచింది.
కవర్ల కట్టిన పప్పు, ముడి రాక పంటితోటి కొరికితే
సగం నా జాకెట్టు తిన్నది.
మూడోనాడు కడుపులు ఎదురు తిరిగినయి.
ఆ రాత్రి పచ్చిపులుసు.
చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి,
ఎండుమిరపకాయలు దేవుని దీపం మీద కాల్చిన.
దేవుడు తుమ్మలేదు గని
మేమందరం తుమ్మినం.

గిన్నెలు బాత్రూంల, పీట మీద కూసోని తోముడు.
జాలి మీద మెతుకులు చూసి మా చిన్నోడు
"అమ్మా, ఇగ స్నానం పళ్లెంల పోసుకోవాల్నా?" అన్నడు.

ఒంటిగంటకు మొగిలి, మాలు అందించే లచ్చక్క
పరవని టైల్స్ మీద సద్ది విప్పుతరు.
"మీకు పొయ్యి లేదు గదా, వదినా"
అని చింతకాయ తొక్కు నా దిక్కు జరిపింది లచ్చక్క.
ఇల్లు మాదే, విస్తరి వాళ్లది.
రెండోసారి అడిగి పెట్టించుకున్న.

పాత గట్టు షాబాదు బండది.
మా అత్త కొమురమ్మ కట్టించుకున్నది.
ఆమె నా భుజం దాకనే వచ్చేది.
బండ లేపినంక మొగిలి టేపు గుంజి అడిగిండు:
"కొత్తది ఎంతెత్తు పెట్టాలె?"
నేను మా ఆయన దిక్కు చూసిన.
"అందరిండ్లల్ల ఎంతుంటదో అంత" అన్నడాయన.
మొగిలి ఆయన దిక్కు చూడనే లేదు.
"వదినా, నువ్వు నిలబడు. బియ్యం కడుగుతున్నట్టు నిలబడు."

లేని గట్టు ముందట
లేని బియ్యం కడిగిన.
నాకు తెలవకనే నడుము వంగింది.
"వంగకు" అన్నడు. "మళ్ల కడుగు."

ముప్పై ఐదు ఇంచులు.
గోడ మీద పెన్సిల్ గీత.
దానికి జానెడు కింద పాత గట్టు మచ్చ,
మసి, నూనె జిడ్డు,
పదహారేండ్ల నా పొద్దుగూకులు.
అత్త మీద కోపమైతే రాలేదు.
నేల మీద పొయ్యి ఊది ఊది
మొదటిసారి లేచి నిలబడేతందుకు
ఆమె కొలత ఆమె పెట్టుకున్నది.
నా కొలత అడిగేతందుకు
మేస్త్రి రావాల్సొచ్చింది.

నిన్న కరీంనగర్ నల్లబండ పరిచిండ్రు.
వారం దాక ఏం పెట్టద్దన్నరు.
రాత్రి మంచినీళ్లకని లేచి
చీకట్ల రెండు చేతులు ఆనిచ్చిన.
సల్లగున్నది.
గంటె కోసం చెయ్యి అలవాటు మీద కిందికి పోయి
గాలిని పట్టుకొని వచ్చింది.

ఇయ్యాల పొద్దుగాల ఉప్పు డబ్బా దొరికింది
మిషన్ సొరుగుల, దారపుండల కింద.
బాకీ తీరుద్దామని గిన్నె నిండ పోసుకొని
ఎదురింటికి పోయిన.
గడప కాడ పెట్టబోయి ఆగి
వాళ్ల పిట్టగోడ మీద పెట్టి జరిగిన.
రాజేశ్వరక్క నిలబడే అందుకొని అడిగింది:
"ఏం కూర ఇయ్యాల?"