ఏడో దెబ్బ

నా వేళ్ళని ఫోను గుర్తుపట్టదు.
రేషను మిషనూ గుర్తుపట్టదు.
పన్నెండేళ్ళుగా జీడి పాలు తాగి
గీతలన్నీ అరిగిపోయిన వేళ్ళు.
అందుకే పాటలు కలిపేటప్పుడు
మౌసుతోనే కలుపుతాను, పాతది, తోకున్నది,
బావ సౌండు బండిలో, జనరేటరు పక్కన,
పగలంతా కాశీబుగ్గలో పిక్కలు కొట్టి వచ్చాక.

ఆ పాట ఎవరిదో తెలీదు.
వజ్రపుకొత్తూరు గన్నయ్య ఓడ దిగినప్పుడు
ఒక పెన్‌డ్రైవూ, ఒక మేకతోలు డప్పూ తెచ్చాడు.
డప్పు ఆఫ్రికాది, డకార్ రేవులో కొన్నాడట,
మోకాళ్ళ మధ్య బిగించి అరచేత్తో కొట్టేది.
పెన్‌డ్రైవు ఓడలో వంటవాడిది.
బల్గేరియా వాడు, జిప్సీల పెళ్ళిబాజా అన్నాడట.
అది పెట్టుకుని ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చేవాడట,
ఉల్లిపాయలకో పాటకో
గన్నయ్యకి తెలీదు.

పెట్టాను.
పందిట్లోకి ఎద్దు జొరబడ్డట్టు
పది బాకాలు ఒక్కసారి లేచాయి.
అరుగు మీద జోగులు మావయ్య లేచి కూచున్నాడు.
బావ, ఆయన కొడుకే, సౌండు బండి కొన్న ఏడాదే
ఆయన బేండు పార్టీ మూతపడింది.
ఎర్ర కోటు బొత్తాలు కోసి అత్త
దిండు గలీబులకి కుట్టుకుంది.
ఆ సంగతి ఇంట్లో ఎవరం మాట్లాడం.

"ఈళ్ళేటి, మనోళ్ళేనా?"
కాదు మావా, సముద్రాలవతలోళ్ళు.
"ఓలమ్మ, ఆ ఊపిరి ఇనే!
పెళ్ళయిపోయినా కూలి ఇయ్యనోడి మీద
ఊదిన ఊదుడది."

వెయ్యేళ్ళ కిందట వీళ్ళు
ఇటునుంచే నడిచి వెళ్ళారని గన్నయ్య అన్నాడు.
మావయ్యకది వింతనిపించలేదు.
"నడిసే ఉంటారు. బేండోడికి నడకే గదా పని."

నా ల్యాప్‌టాపుకి నాలుగే వచ్చు.
ఒకటి రెండు మూడు నాలుగు, గళ్ళ కాయితం,
గుండె మీద సుత్తి.
ఆ పాటేమో ఏడు వేసి ఏడిపించేది.
నాలుగు గళ్ళలో పోస్తే ఒలికిపోయేది,
సాగదీస్తే బాకా మేకలా అరిచేది.
మూడు రాత్రులు.
నాలుగో రాత్రి మావయ్య మంచం పట్టె మీద కొట్టాడు
తకిట తక తక
తకిట తక తక
"కుంటోడి నడక లెక్కెట్టు. మొదటడుగు పొడుగు."
మోకాలు పోయినప్పట్నుంచి ఆయన నడకా అంతే.
గళ్ళు చెరిపేశాను.

అడుగున గన్నయ్య డప్పు,
తోలు చల్లబడినప్పుడల్లా అట్టపెట్టెలు తగలెట్టి కాచుకుంటూ.
దాని కింద నా సుత్తి, మెత్తగా,
నేల లోపల ఎవరో దంచుతున్నట్టు.
పైన పది బాకాలు.
వాటి మధ్య కొంచెం చోటు వదిలాను
మావయ్య ట్రంపెట్ కోసం.
సొట్టపడింది. చింతపండుతో తోమి తెచ్చాడు.
మొదటి ఊదుకి గాలే వచ్చింది, రెండో ఊదుకి దుమ్ము.
మూడోదానికి వచ్చినదాన్ని ఏమనాలో నాకు రాదు.
ఫైలుకి పేరు అడిగితే
తారీకు కొట్టి దాచాను.

మందసలో పెళ్ళి ఊరేగింపులో వేశాం.
కుర్రాళ్ళు రెండడుగులేసి ఆగిపోయారు.
తప్పెటగుళ్ళు ఆడే ముసలాయన, కొర్లయ్య,
మెడలో గుల్ల లేకపోయినా
ఉత్తి రొమ్ము మీద అరచేతుల్తో కొట్టుకుంటూ
గిరుక్కున తిరిగి ఎగిరాడు.
అంతే. ఒక్కడే.
పెళ్ళికొడుకు మేనమామ వచ్చి
"సినిమా పాట ఎట్టండే" అన్నాడు.
పెట్టాను.
లెక్కలో అయిదొందలు కోశారు,
బావ మూడ్రోజులు నాతో మాట్లాడలేదు.

సోమవారం ఫేక్టరీలో
నా పక్క మిషను తవిటమ్మది.
ఆ పెళ్ళికి ఆడపెళ్ళివారి తరఫున వచ్చిన మనిషి.
పిక్క పెట్టి, పెడలు తొక్కి, మీట దించుతోంది.
ముందు విన్నది నేను కాదు, నా కాలు.
తకిట తక తక.
మధ్యాన్నానికి మా వరసలో సగం మిషన్లు
కుంటుకుంటూ నడుస్తున్నాయి.
సూపర్వైజరు కిలోలు రాస్తూ తలెత్తాడు.
ఏదో మిషను పాడైందనుకుని
నూనె డబ్బా పట్టుకుని
ఒక్కోదాని దగ్గరా వంగి
చెవిపెట్టి వింటున్నాడు.