పలుకని చోటు

కరీమాబాద్‌ల రేకుల షెడ్డు కింద
నా విమానం ఎడమ రెక్క బోర్ల పండుకున్నది.
రెండు రూపాయల బిళ్లతోని కొట్టుకుంట పోతున్న:
టిక్కు, టిక్కు, టిక్కు.
అంత మంచిగనే ఉన్నదనుకున్న.

యాకమ్మ ఆగుమన్నది.
కుమ్మరోళ్ల బిడ్డ, కుండను ఏలితోని అడిగి
పగులు చెప్పే మనిషి.
"ఈడ పలుకుతలేదు" అని
ఎర్ర పెన్సిలు నా చేతిల పెట్టింది.

ఆషాఢం ముసురుల ఆగలేక అతికిన.
గాజుబట్ట రెజిన్ తాగిందనుకున్న.
దాని కింద అరచేతంత గాలి
దాక్కొని కూసున్నది.
ఎగరనీకి గాలి గావాలె,
గని లోపల గాదు.

పదకొండు దినాల పని మీద గ్రైండర్ పెట్టిన.
తెల్ల దుమ్ము మీసాల మీద, చాయ గిలాసల.
మెడ దురదకు మూడు రాత్రులు నిద్ర లేదు.
మెట్లు మెట్లుగ చెక్కి
ఒక్కో బట్ట కిందిదానికన్న ఎడల్పు కోసి
మళ్ల పరిసిన.
"ఉరకకు" అన్నది యాకమ్మ, రెండుసార్లు.

తూకమేస్తే నూట అరవై గ్రాములు ఎక్కువ.
నోటుబుక్కుల రాసిన:
ఎడమ రెక్క, మూడో పక్కటెముక,
తప్పు నాది.

మామునూరు దిక్కు మబ్బు ఇడిసింది.
యాకమ్మ అదే చోట ఇంకోసారి ఏలితోని కొట్టింది.
ఏమనలే.
కుడి రెక్క దిక్కు నడిసింది.