ఛు అంటే నీళ్లు

కార్తీకం పోతానే
క్లాక్‌టవర్ కాడ కాలువ మింద పలకలేసి
స్వెట్టర్ల అంగళ్లు దిగుతాయి.
పదకొండు డేరాలు. అందర్నీ మేము
నేపాలోళ్లు అంటాము. ఒక్కరూ నేపాల్ కాదు.

నాది వాళ్ల పక్కన జిప్పుల మిషను.
తెగిన బ్యాగులు, పండ్లూడిన జర్కిన్లు.
రోజుకు నాలుగు నూర్లు, బడులు తెరిసినప్పుడు ఆరు.

చివరి డేరా లేకీ చోజోమ్‌ది.
తక్కిన పదిమందీ ఒకరితో ఒకరు గలగలా మాట్లాడుకుంటారు.
ఆమె నోరు తెరిస్తే మాత్రం నవ్వుతారు.
ఒకే దేవుని పటం, ఒకే ఉప్పు టీ,
మాట మటుకు వేరంట.
వాళ్లది పుస్తకాల మాట. ఆమెది మందెనకాల మాట.
"రాసేదానికి రాదు, అరిసేదానికే వస్తాది" అనింది
వచ్చీరాని హిందీలో.
వచ్చీరాని హిందీలోనే నేనూ విన్నాను.

రాత్రి తొమ్మిదికి సరుకు మూటగట్టి
వాళ్లమ్మకు ఫోను చేస్తాది.
సిగ్నలు కోసం ఆ ముసలామె కొండెక్కాలంట.
ఎక్కినాక ఊపిరి నిలబడేదాకా
ఇద్దరూ ఏమీ మాట్లాడరు.
ఆ రొప్పు నాక్కూడా వినపడతాది.

ఒకనాడు ఖాళీ బిందె నా ముందర పెట్టి
"ఛు" అనింది.
ఉలిక్కిపడి కుక్క యాడుందా అని చూసినా.
ఛు అంటే వాళ్లకు నీళ్లు. మాకు ఉసిగొల్పడం.
ట్యాంకరు కాడ మా వీధిని తల్చుకొని
రెండూ ఒకటేలే అనుకున్నా.

మార్ అంటే వెన్న. లుగ్ అంటే గొర్రె.
గొర్రె అనేసరికి మిషను ఆపినా.
మేము కురుబోళ్లం, కుందుర్పి పక్క.
మా కెంచవ్వ ఇంట్లో కన్నడం మాట్లాడేది,
బెంగళూరోళ్లు విన్నా నవ్వే కన్నడం.
గొర్రెపిల్లను "మరి" అనేది.
బడికి పోయినాక మాకు మరి అంటే
"మరి?" అని అడిగేది ఒకటే మిగిలింది.

ఈనిన తల్లి పిల్లను దగ్గరికి రానీకపోతే
దాని చెవిలో వేసే కూత ఒకటుందంట లేకీ వాళ్లకు.
పాట గాదు, మంత్రం గాదు,
గొంతు అడుగునుంచి మూడుసార్లు.
వేసి వినిపించింది.
మంకీక్యాపు బేరమాడేటాయన బేరం మర్సిపోయినాడు.
"మీకు?" అని అడిగింది నన్ను.

ఉండేది.
చింతగింజల గంజి వాసనేసే కంబళి కప్పుకొని
మడిమల మింద కూచోని
గొర్రె చెవి పట్టుకొని కెంచవ్వ ఏదో అనేది.
పెదిమలు కదిలేది గ్యాపకముంది. సద్దు లేదు.
చిన్నాయన బీరలింగకు ఫోను చేస్తే
"ఉండేదిరా... ఆఁ... ఉండేదే.
ఇప్పుడు సీసాతో పడతాండాం గదా పాలు" అన్నాడు.

మార్గశిరంలో ఒకరోజు, ఇంకా తెల్లారలా,
రాయదుర్గం పక్కనుంచి మంద ఒకటి
మేపుకు పోతా క్లాక్‌టవర్ చుట్టుకుంది.
లేకీ దుప్పటి విదిలించి రోడ్డుకడ్డం ఉరికి
ఆ కూత వేసింది.
ఒక్క గొర్రె తిరగలా.
చెవైనా కదపలా.
ధర్మవరం బస్సు హారను మింద హారను.
"ఏమమ్మా, కొంటావా?" అని కాపరి
నాలిక మడిచి టుర్రుమన్నాడు.
మంద మళ్లింది.

ఆమె నవ్వి ఊరుకుంటాదనుకున్నా. ఊరుకోలా.
ఆ టుర్రును పొద్దంతా నోట్లో తిప్పుకుంటా కూచుంది.
మఫ్లరు అమ్ముతా టుర్రు, చిల్లర ఇస్తా టుర్రు.
రాత్రి ఫోన్లో వాళ్లమ్మకు వినిపించింది.
అవతల రొప్పు ఆగింది.
కొంచేపటికి ముసలామె కూడా అనింది, తప్పుగా.
మళ్లీ అనింది.
ఆ చీకట్లో ఏ జడలబర్రె తలెత్తిందో, ఎత్తలేదో.

శివరాత్రికి ఎండ మొదలు.
డేరాలు ఎత్తేసేముందు
నోరు పట్టని సంచి ఒకటి నా చేతికిచ్చింది.
బాగుచేసి, దుడ్లు వద్దన్నా.
లాగింది. మూసింది. మళ్లీ తెరిసి చూసింది.
"మరి" అనింది.

పోయొస్తాననో, ఇంకేమనో,
గొర్రెపిల్ల అనో.
అడగలా.
పాత రన్నరు కింద పడుంటే ఎత్తి డబ్బాలో ఏసినా.